బొమ్మల పెట్టె మంచిదే, మార్కుల నియమమే బాగాలేదు

ఇది పిల్లల జ్ఞాపకశక్తి ఆట. పెట్టెలో అరవై బొమ్మల కార్డులు, పది చెక్క బిళ్ళలు, కప్పడానికి ఒక గుడ్డ, నిమిషం ఇసుక గడియారం, కొన్ని ప్రశ్నల చీటీలు ఉన్నాయి. పది బొమ్మలు పరిచి, "వీటిలో నీకెన్ని గుర్తుంటాయి?" అని ముందే అడగాలి. ఎన్ని అనుకుంటే అన్ని బిళ్ళలు పిల్లలు ముందు పెట్టాలి. నిమిషం చూశాక గుడ్డ కప్పి చెప్పించాలి. గుర్తుపెట్టుకునే ఆటలు చాలా ఉన్నాయి గాని, తన జ్ఞాపకం ఎంత దూరం వస్తుందో పిల్లలనే అంచనా వేయమనే ఆట నాకు ఇదివరకు కనబడలేదు. చిన్న తరగతులకు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినదాన్ని, ఆ బిళ్ళల కోసమే కొన్నాను.

మా మనవరాలికి అయిదేళ్ళు. ప్రతిసారీ పది బిళ్ళలూ పెట్టేస్తుంది, నాలుగు చెప్పి ఆగిపోతుంది, మళ్ళీ పదీ పెడుతుంది. "ఇందాక నాలుగే వచ్చాయి కదమ్మా" అంటే, "అవి వేరే బొమ్మలు అమ్మమ్మా, ఇవైతే అన్నీ చెప్పేస్తాను" అంటుంది. తొమ్మిదేళ్ళ మనవడు ఆరు పెడతాడు, అయిదో ఆరో చెబుతాడు.

ఇది మా ఇంటి విశేషమేమీ కాదు. 1970లో అమెరికా మనస్తత్వవేత్త జాన్ ఫ్లావెల్ బృందం పిల్లలకు బొమ్మలు చూపి ఇదే ప్రశ్న అడిగింది. బడికి వెళ్ళే వయసు రాని పిల్లలు సగటున ఏడెనిమిది గుర్తుంటాయన్నారు, నిజంగా గుర్తున్నవి మూడు నాలుగు. నాలుగో తరగతి పిల్లల్లో అంచనాకూ ఫలితానికీ మధ్య సగటు తేడా ఒక బొమ్మంత కూడా లేదు.

అందుకే పెట్టెలోని నియమాల పుస్తకం మీద నాకు కోపం వచ్చింది. "నాలుగేళ్ళ నుంచి ఆడవచ్చు" అని రాసి, తప్పిన ప్రతి బిళ్ళకూ ఒక మార్కు కోత పెట్టారు. ఆ లెక్కన అయిదేళ్ళ బిడ్డ ప్రతి ఆటా ఓడిపోవలసిందే. ఆ వయసులో అతివిశ్వాసం దిద్దవలసిన తప్పు కాదు. అది పిల్లలకు మేలే చేస్తుందని డేవిడ్ బ్యోర్క్‌లుండ్ వంటి పరిశోధకులు వాదించారు. తన శక్తి ఇంతేనని ముందే తెలిస్తే ఏ పసిబిడ్డ మళ్ళీ ప్రయత్నిస్తుంది? మా ఇంట్లో కోత ఎత్తేశాం, గుర్తున్న బొమ్మకొక మార్కు, అంతే.

ఈ ఆటలో అసలు చూడవలసింది ఆ నిమిషంలో పిల్లల ముఖం. మనవడి పెదవులు కదులుతుంటాయి. జంతువులను ఒక పక్కకు, బండ్లను ఒక పక్కకు చేర్చుకుంటాడు. మనవరాలు బొమ్మలను ఇష్టంగా చూస్తుంది, అంతే. గుర్తుపెట్టుకోవడానికి ఏదైనా చేయాలన్న ఆలోచనే ఇంకా రాలేదు. ఫ్లావెల్, మరో ఇద్దరు 1966లో ప్రచురించిన పరిశీలనలో, బొమ్మల పేర్లు తమలో తాము పలుకుతున్నట్టు కనబడినవారు అయిదేళ్ళ పిల్లల్లో 20 మందికి ఇద్దరే, పదేళ్ళవారిలో 17 మంది.

ప్రశ్నల చీటీలు బాగున్నాయి. "స్నేహితుడు ఫోను నంబరు చెప్పాడు. వెంటనే ఫోను చేస్తావా, ముందు నీళ్ళు తాగి వస్తావా?" అని ఒకటుంది. మనవరాలు నీళ్ళంది. మనవడు నవ్వి, "మరిచిపోతాం కదా, ముందు ఫోను" అన్నాడు. మరిచిపోవడం అనేది ఒకటుందని, దానికి ముందే జాగ్రత్తపడాలని తెలియడం ఎంత పెద్ద ఎదుగుదల!

ఇసుక గడియారం మాత్రం పక్కన పెట్టేయండి, పిల్లలు బొమ్మలు మాని ఇసుకనే చూస్తారు. తోడేలు, కుక్క బొమ్మలు ఒకేలా ఉండి తగవులు వస్తున్నాయి. కార్డుల అట్ట మందంగా ఉంది, అంచులు నలగలేదు.

ఏడేళ్ళు దాటిన పిల్లలుంటే తప్పక కొనండి. అంతకన్నా చిన్నవాళ్ళతో ఆడితే మార్కుల సంగతి ఎత్తకండి. పెద్దపిల్లలతో మరో మార్పు చేసి చూడండి. బొమ్మలు కప్పి, కాసేపు వేరే కబుర్లు చెప్పి, అప్పుడు బిళ్ళలు పెట్టమనండి. చూసిన వెంటనే వేసే అంచనా కన్నా కొంత వ్యవధి ఇచ్చి వేయించిన అంచనా నిజానికి దగ్గరగా ఉంటుంది. పుస్తకంలో ఈ పద్ధతి లేదు, మా మనవడికి మాత్రం ఇదే నచ్చింది.