లేక్ డిస్ట్రిక్ట్ యాత్ర: కారు మోసింది, లాడ్జి మోసం చేసింది

ముందు కోపం సంగతి చెప్పేస్తాను, లేకపోతే మిగతాది స్థిమితంగా రాయలేను. ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న సరస్సుల ప్రాంతమే లేక్ డిస్ట్రిక్ట్. అక్కడ విండర్‌మియర్ అనే ఊళ్లో మేం దిగిన గెస్ట్‌హౌస్ బుక్ చేసేటప్పుడు రెండే రెండు విషయాలు అడిగాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు, కింది అంతస్తులో గది కావాలి. మా కారు పెద్దది, పార్కింగ్‌లో చోటుండాలి. కారు పొడవు 4,955 మిల్లీమీటర్లని కూడా మెయిల్లో రాశాను. 'ఏ ఇబ్బందీ లేదు, రండి' అని జవాబు వచ్చింది. రెండు గదులు, రెండు రాత్రులు, 396 పౌండ్లు ముందే కట్టించుకున్నారు. తీరా వెళ్లాక ఆ రెండిట్లో ఒక్కటీ లేదు.

ఇది 2024 జూలై ఆఖరి వారం మాట. నరసరావుపేట నుంచి అమ్మా నాన్నా వచ్చి అప్పటికి మూడు వారాలు. వాళ్లిద్దరూ, నేనూ, మా ఆవిడ, పదేళ్ల పాప, మొత్తం ఐదుగురం మేముండే రెడింగ్ నుంచి శనివారం పొద్దున బయల్దేరాం. మూడు రాత్రులు, నాలుగు పగళ్లు.

మా కారు 2018 జాగ్వార్ ఎక్స్‌ఎఫ్ స్పోర్ట్‌బ్రేక్. సెడాన్ పైకప్పుని డిక్కీ చివరిదాకా సాగదీస్తే వచ్చే ఆకారాన్ని ఇక్కడ ఎస్టేట్ అంటారు. తొంభైల్లో మన రోడ్ల మీద టాటా ఎస్టేట్ తిరిగేది గుర్తుందా, ఆ వరస. ఇప్పుడు జాగ్వార్ కూడా టాటా వాళ్లదే, 2008లో ఫోర్డ్ దగ్గర కొన్నారు. నేను దీన్ని పోయినేడాది 14,500 పౌండ్లకి కొన్నాను, అప్పటికి 52 వేల మైళ్లు తిరిగింది. రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజన్, 180 హార్స్‌పవర్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, డ్రైవ్ వెనక చక్రాలకి. డిక్కీ 565 లీటర్లు, వెనక సీట్లు మడిస్తే 1,700. మా ఆవిడ అప్పట్లో ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ తీసుకుందామంది. ఎత్తు బండిలోకి అమ్మ ఎక్కలేదని నేను ఇదే పట్టుబట్టాను. ఈ యాత్ర అయ్యాక ఆ వాదన ఇంట్లో మళ్లీ రాలేదు.

నాన్న ఆర్టీసీ డిపోలో 33 ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. వచ్చిన దగ్గర్నుంచీ కారు ఎక్కారు, దిగారు కానీ దాని గురించి ఒక్క మాటా అనలేదు. నాకది కొంచెం వెలితిగానే ఉండేది. బయల్దేరే రోజు పొద్దున నేను డిక్కీ సర్దుతున్నాను: నాలుగు సూట్‌కేసులు, రైస్ కుక్కరు, పది కేజీల సోనా మసూరి సంచి, తువ్వాలులో చుట్టిన ఆవకాయ జాడీ, అమ్మ మడత కుర్చీ, పాప స్కూటరు. నాన్న వచ్చి వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నారు. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య సందులో వేళ్లు పెట్టి చూశారు. మూడు వేళ్లు పట్టాయి. సామానంతా ఎక్కించి, పాపా అమ్మా వెనక కూర్చున్నాక మళ్లీ పెట్టారు. రెండు వేళ్లే. "కుంగింది చూశావా, ఇంత లోడుకి కమాన్ కట్టలుండాలిరా" అన్నారు, బస్సులకీ లారీలకీ వేసే ఉక్కు పట్టీల స్ప్రింగులన్నమాట. నేను ఇంజన్ స్టార్ట్ చేశాను. వెనక ఎక్కడో చిన్న మోటారు గురగురమంది. నాన్న వేళ్లు తియ్యలేదు. కాసేపటికి సందు మెల్లగా తెరుచుకుని మళ్లీ మూడు వేళ్లయింది. ఈ కారుకి వెనక ఎయిర్ సస్పెన్షన్ ఉంటుంది, ఎంత బరువు పెట్టినా వెనక భాగాన్ని దానంతటదే మామూలు ఎత్తుకి తెచ్చుకుంటుంది. నాన్న లేచి మోకాళ్లు దులుపుకుని "గాలి బుడగలన్నమాట" అని ముందు సీట్లో కూర్చున్నారు. తర్వాత గంటసేపు నన్ను ప్రశ్నలే అడిగారు. నాకైతే ఈ యాత్రలో అన్నిటికన్నా నచ్చింది ఆ గంటే.

శనివారం ఏ చికాకూ లేకుండా గడిచింది. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో మూడు గంటలున్నాం. మన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిందే కదా, మోరిస్ కార్ల ముందు నాన్న కదిలితే ఒట్టు. కార్ల మీద ఏ మాత్రం ఇష్టమున్నా తప్పకుండా చూడండి, తొందరపడి చూసే చోటు కాదు. అక్కణ్నుంచి బర్మింగ్‌హామ్ వైపు వెళ్తూ ఎం6 మోటార్‌వే మీద కాజిల్ బ్రామిచ్ దాటాం. మా కారు తయారైన ఫ్యాక్టరీ ఆ ఊళ్లోదే. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలు చేసేవారు, పదివేలకు పైగా. ఆ రాత్రి ఓల్డ్‌బరీలో మామూలు చెయిన్ హోటల్లో పడుకున్నాం. రెండు గదులు 124 పౌండ్లు, శుభ్రంగా ఉన్నాయి.

ఆదివారం పొద్దున టివిడేల్ బాలాజీ గుడి. 2006లో కట్టిన గుడి ఇది. గోపురం కనబడగానే అమ్మ కారులోనే దణ్ణం పెట్టేసుకుంది. అంతవరకూ ప్రతి ధరనీ రూపాయల్లోకి మార్చి, నూట ఏడుతో గుణించి నిట్టూరుస్తూ వచ్చిన మనిషి, హుండీ దగ్గర మాత్రం లెక్క చూడలేదు. మధ్యాహ్నం అక్కడే తిన్నాం. పులిహోరలో ఇంగువ పోపు సరిగ్గా పడింది, చింతపండు పులుపు నిలిచింది. అమ్మ రెండోసారి పెట్టించుకుంది. మూడు వారాల్లో అమ్మ ఇష్టంగా తిన్న బయటి తిండి అదొక్కటే. ఐదుగురికి 38 పౌండ్లు. ఉత్తరానికి వెళ్లే తెలుగువాళ్లు మోటార్‌వే సర్వీసుల్లో చల్లారిన శాండ్‌విచ్‌లు తినే బదులు ఇక్కడ ఆగండి, ఎం5 మీంచి ఐదు నిమిషాల దూరం.

ఇక విండర్‌మియర్. సాయంత్రం ఏడవుతుండగా చేరాం. వాళ్లు చెప్పిన పార్కింగ్ అంటే ప్రహరీ గోడకీ చెత్త డబ్బాలకీ మధ్య ఒక్క కారు చోటు. అందులో అప్పటికే వేరే వాళ్ల చిన్న కారు ఉంది. ఖాళీగా ఉన్నా మాకు లాభం లేదు, మా కారు పెడితే ముక్కు రోడ్డు మీదికి వస్తుంది. యజమాని బయటికొచ్చి "మీ కారు చాలా పెద్దది" అన్నాడు, తప్పేదో మాదైనట్టు. ఫోన్లో మెయిల్ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చదివి, ఆ జవాబు తన భార్య ఇచ్చిందని, తనకి తెలియదని చెప్పాడు. రోడ్డు చివర ప్రైవేటు పార్కింగ్ ఉంది, అక్కడ పెట్టుకొమ్మన్నాడు. రాత్రికి తొమ్మిది పౌండ్లు, సాయంత్రం ఏడు నుంచి పొద్దున తొమ్మిది దాకా.

గది అంతకంటే ఘోరం. కింది గది 'రిపేర్‌లో ఉంది' అన్నారు. మాకిచ్చింది పైకప్పు కింద అటక గది. పాప లెక్కపెట్టింది, 41 మెట్లు. ఇరుకు, ఏటవాలు, పైగా కార్పెట్ జారుతోంది. అమ్మ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ పెడుతూ ఎక్కింది. మధ్యలో రెండుసార్లు కూర్చుంది. పైకెళ్లాక "గది బాగానే ఉంది నాన్నా, నువ్వు గొడవ పెట్టుకోకు" అంది. అమ్మ అలా అంటే నాకు ఇంకా బాధేసింది. నాన్న ఏమీ మాట్లాడలేదు, కిటికీ దగ్గరికి వెళ్లి కారు కనిపిస్తుందేమో చూసి వచ్చారు. మా ఆవిడ కిందికెళ్లి నాకంటే గట్టిగా, నాకంటే మర్యాదగా మాట్లాడింది. ఆమె మాట వల్లే అల్పాహారం గదికి పంపడానికి ఒప్పుకున్నారు.

సోమవారం పొద్దున సరస్సులో పడవ షికారు చేశాం. అది బాగుంది. మధ్యాహ్నం ఆంబుల్‌సైడ్ నుంచి కర్క్‌స్టోన్ కనుమకి వెళ్లాం. లేక్ డిస్ట్రిక్ట్‌లో కార్లు వెళ్లే కనుమల్లో ఎత్తయినది ఇదే, 1,489 అడుగులు. ఆంబుల్‌సైడ్ నుంచి ఎక్కే ఆ రోడ్డు పేరే 'ది స్ట్రగుల్'. రెండు పక్కలా రాతి గోడలు, అద్దాలతో కలిపి మా కారు వెడల్పు రెండు మీటర్లు దాటుతుంది, ఎదురుగా వ్యాను వస్తే టెన్షనే. ఐదుగురితో నిటారు వాలు ఎక్కుతున్నాం. ఇంజన్ అరవలేదు. 430 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాల్ని తిప్పే బలం, ఇంజన్ నిమిషానికి 1,750 చుట్లు తిరిగేటప్పుడే అందుతుంది, అందుకే యాక్సిలరేటర్ అదిమి తొక్కాల్సిన పని లేదు. నాన్న చెవి ఇంజన్ మీదే ఉంది.

"ఏ గేర్లో ఉందిరా?"

"మూడు, నాన్నా."

"మూడులోనా! దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్‌లో మా పాత బస్సులు ఫస్ట్ గేర్లో ఏడుస్తూ ఎక్కేవి. టర్బో బళ్లు వచ్చాకే డ్రైవర్లకి ఊపిరాడింది."

టర్బో అంటే ఏంటి తాతయ్యా అని పాప అడిగింది. ఆయన చెప్పిన తీరు నాకు ఏ బ్రోషర్‌లోనూ కనబడలేదు. "మీ నానమ్మ కట్టెల పొయ్యిని ఊదుగొట్టంతో ఊదేది. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ. ఇక్కడ ఊదే మనిషి లేడు, ఇంజన్ వదిలే పొగే ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పి గాలిని లోపలికి కుక్కుతుంది." పైకి చేరాక నేను ఇంజన్ ఆపబోతే చెయ్యి పట్టుకున్నారు. "నిమిషం ఆగు. టర్బో కాలిపోతూ ఉంటుంది, ఆయిల్ తిరగనీ." బండి ఆగగానే ఇంజన్ దానంతటదే ఆగిపోకుండా ఆటో స్టాప్ బటన్ నొక్కి ఆపేసి, నిమిషంపాటు అలాగే ఉంచాను. ఎత్తు ఎక్కాక ఇప్పుడు ప్రతిసారీ అలాగే చేస్తున్నాను.

మంగళవారం పొద్దున ఆ 41 మెట్లే మళ్లీ దెబ్బకొట్టాయి. సామానుతో, అమ్మతో దిగి, రోడ్డు చివరిదాకా నడిచి, కారు బయటికి తీసేసరికి 9:31. పది రోజులకి ఇంటికి ఉత్తరం వచ్చింది, కెమెరా తీసిన నంబర్ ప్లేటు ఫొటోలతో సహా. 100 పౌండ్లు, 14 రోజుల్లో కడితే 60. పార్కింగ్ వాళ్లని ఏమీ అనను, టైము బోర్డు మీద రాసే ఉంది. కానీ చెప్పిన గది, చెప్పిన చోటు ఇచ్చి ఉంటే ఆ ఉత్తరమే వచ్చేది కాదు. 60 కట్టేశాను. గెస్ట్‌హౌస్‌కి మెయిళ్లు పెట్టాను, మూడోదానికి 40 పౌండ్లు వెనక్కిచ్చారు. క్షమించమన్న మాట మాత్రం ఒక్క మెయిల్లోనూ లేదు.

డీజిల్ లెక్క అడిగేవాళ్లకి: 612 మైళ్లు, 60 లీటర్లు. సూపర్‌మార్కెట్ బంకులో 45 లీటర్లు లీటరు 1.49కి, మోటార్‌వే మీద గత్యంతరం లేక 15 లీటర్లు 1.78కి. మొత్తం 93.75 పౌండ్లు. మన లెక్కలో లీటరుకి 16 కిలోమీటర్ల పైనే. ఐదుగురి బరువుతో, ఇంత సామానుతో ఇది మంచి మైలేజి అని నాన్నే సర్టిఫై చేశారు. పొగ తక్కువ వదలాలన్న యూరో 6 ప్రమాణానికి తగ్గ ఇంజన్ కాబట్టి, పొగ ఎక్కువ వదిలే బళ్ల దగ్గర డబ్బు వసూలు చేసే బర్మింగ్‌హామ్ క్లీన్ ఎయిర్ జోన్‌లోకి వెళ్లినా రోజువారీ ఎనిమిది పౌండ్ల రుసుము పడదు. అలాగని అందరూ డీజిల్ ఎస్టేట్ కొనమని చెప్పను. రోజూ రెండు మైళ్లు స్కూలుకీ, కొట్టుకీ తిరిగేవాళ్లకి ఏ డీజిలూ వద్దు. పొగ వడపోసే ఫిల్టరు వేడెక్కి శుభ్రపడటానికి వారానికొక పొడుగు పరుగైనా కావాలి. అలా తిరిగేవాళ్లు పెట్రోల్ చూసుకోండి. ఎక్స్‌ఎఫ్ తయారీ 2024లో ఆగిపోయింది, ఇక దొరికేవన్నీ సెకండ్‌హ్యాండ్‌వే. సర్వీసు పుస్తకంలో ఆయిల్ మార్చిన తేదీలు చూడకుండా డబ్బు చేతిలో పెట్టకండి.

లేక్ డిస్ట్రిక్ట్‌లో బస వెతికేవాళ్లు 'పార్కింగ్ ఉంది' అన్న మాటకి ఆగిపోకండి. ఎన్ని కార్లకి, ఎన్ని మీటర్లు, ముందుగా వచ్చినవాళ్లకా లేక మీ పేరు మీద ఉంచుతారా అని అడగండి. గది ఏ అంతస్తులో ఉందో బుకింగ్ కాగితం మీదే రాయించుకోండి.

అమ్మా నాన్నా సెప్టెంబరులో వెళ్లిపోతారు. ఈలోగా యార్క్‌షైర్ వెళ్దామని అనుకుంటున్నాం. మెట్లు లేని గది అమ్మ కోరిక. నాన్నది ఒకటే షరతు, గది కిటికీలోంచి కారు కనబడాలి.