రీపర్‌తో ఇంట్లో పద్యాల రికార్డింగ్: వాడేవాడి మాట

రీపర్ అనే ఈ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చూడ్డానికి బాగుండదు. బూడిద రంగు కిటికీలు, కళ్లజోడు సర్దుకుంటే గానీ కనపడని బొత్తాలు, కుడి క్లిక్ కొడితే స్క్రీను కిందికంటా దిగిపోయే మెనూలు. అయినా తెనాలిలో మా ఇంటి వెనక గదిలో పద్యాలు రికార్డు చేయడానికి నేను వాడేది ఇదే. ఎవరడిగినా దీని పేరే చెబుతున్నాను.

నేను హార్మోనిస్టుని. మా గదికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పద్యనాటకాలు ఆడినవాళ్లు. స్టూడియోకి గంటల లెక్కన కట్టే స్తోమత వాళ్లకి లేదు. యూట్యూబ్‌లో పెట్టుకోవడానికో, అమెరికాలో ఉన్న మనవడికి పంపడానికో నాలుగు పద్యాలు శుభ్రంగా వస్తే చాలంటారు. నా సామాను పాత విండోస్ ల్యాప్‌టాప్, మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే, రెండు మైకులు పట్టే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్. రీపర్ అంత పాత మిషన్ మీద కూడా బరువనిపించదు. డౌన్‌లోడ్ ఫైలు ఇరవై ఎంబీకి అటూ ఇటూ ఉంటుంది, అంతే. ఒకప్పుడు నెట్ సెంటర్లలో అందరం పాటలు విన్న విన్‌యాంప్ గుర్తుందా? అది తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్ మొదలుపెట్టిన కాకోస్ అనే చిన్న సంస్థే దీన్నీ చేసింది.

ధర విషయంలో వీళ్ల పద్ధతి నాకు నచ్చింది. 60 రోజులు మొత్తం సాఫ్ట్‌వేర్ ఉచితంగా వాడి చూడొచ్చు, ఏ ఫీచరూ దాచరు. గడువు దాటాక కూడా తలుపు మూయరు, తెరిచినప్పుడల్లా కొన్ని సెకన్లు గుర్తు చేస్తారు. సొంతానికి వాడుకునేవాళ్లకి, దీని మీద ఏడాదికి 20,000 డాలర్లు మించి సంపాదించని వాళ్లకి లైసెన్సు 60 డాలర్లు. అంతకు మించితే 225. పద్యాల మీద అంత వచ్చిన రోజున 225 కట్టి, పైన స్వీట్లు కూడా పంచుతాను.

ఇక కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి.

మొదటిది రెండు గొంతులు. ఓ ఆవిడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండు పాదాలు పాడి ఆగిపోయింది. “అన్నయ్యా, నా వెనకాల ఇంకెవరో పాడుతున్నారు” అంది. ఎవరూ లేరు. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అని ఒక బొత్తాం ఉంటుంది. అది వేస్తే మైకులోకి వెళ్లిన గొంతు కంప్యూటర్‌తో పని లేకుండా నేరుగా చెవికి వస్తుంది. రీపర్ ట్రాక్ (ఒక్కో మైకు శబ్దం పడే వరుస) మీద చిన్న స్పీకర్ గుర్తు ఉంటుంది, దాన్ని రికార్డ్ మానిటరింగ్ అంటారు. అది వెలిగి ఉంటే అదే గొంతు కంప్యూటర్‌లోంచి తిరిగొచ్చి కాస్త ఆలస్యంగా మళ్లీ వినపడుతుంది. రెండూ వేస్తే ఇద్దరు. ఏదో ఒకటి ఆపండి. నేను స్పీకర్ గుర్తే ఆపుతాను, గాయకుడికి ఆలస్యమన్నదే తెలియదు.

హెడ్‌ఫోన్స్‌లో రివర్బ్, అంటే గొంతుకి ప్రతిధ్వని, లేకపోతే పాడలేననే వాళ్లూ ఉంటారు. అప్పుడు డైరెక్ట్ మానిటర్ ఆపి రీపర్‌లోంచే వినిపించాలి, ఆలస్యాన్ని తగ్గించాలి. ఆ లెక్కంతా బఫర్‌లో, అంటే కంప్యూటర్ ఒక్కోసారి అందుకునే శబ్దం ముక్క సైజులో ఉంది. 48,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 48,000 శాంపిల్స్ (శబ్దం కొలతలు) తీసేచోట, 128 శాంపిల్స్ అంటే సుమారు 2.7 మిల్లీసెకన్లు, 1024 అంటే 21 పైచిలుకు. అదీ ఒక వైపుకే, రానూ పోనూ కలిపితే ఇంకా ఎక్కువ. రాగం తీసేవాడికి 20 మిల్లీసెకన్లు దాటితే గమకం చేతికి అందదు. అందుకని పాడేటప్పుడు 128, ఎడిటింగ్‌కి కూర్చున్నప్పుడు 1024 పెట్టుకోండి. చిన్న బఫర్ మీద ఎఫెక్టులు గుప్పిస్తే చిటపటలు మొదలవుతాయి, అది మైకు తప్పు కాదు. కంట్రోల్, ఆల్ట్, పి కలిపి నొక్కితే ఏ ట్రాక్ ప్రాసెసర్‌ని ఎంత తింటోందో చూపిస్తుంది. తినేదాన్ని ఫ్రీజ్ చేసేయొచ్చు, అంటే ఎఫెక్టులతో సహా మామూలు ఆడియోగా మార్చేయొచ్చు. విండోస్‌లో డ్రైవర్ (ఇంటర్‌ఫేస్‌ని కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రాం) మాత్రం ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో (ASIO) రకమే పెట్టండి.

గొంతు ఒక చెవిలోనే వినపడుతోందంటే ట్రాక్ ఇన్‌పుట్ స్టీరియోలో ఉందని అర్థం. మోనోకి మార్చి ఒకటో నంబరు ఎంచుకుంటే సరి. కండెన్సర్ మైకు మూగబోతే ముందు ఇంటర్‌ఫేస్ మీద ఆ మైకుకి కరెంటిచ్చే 48 వోల్టుల స్విచ్ చూడండి, తర్వాతే సాఫ్ట్‌వేర్‌ని తిట్టండి.

లెవెల్ దగ్గర మా వాళ్లతో వేరే తంటా. టెస్టింగ్‌లో “హలో, హలో” అని మర్యాదగా మాట్లాడతారు. పద్యం అందుకుని నాలుగో పాదం చివర ఐదున్నర శ్రుతిలో రాగం తీసేసరికి మీటరు ఎర్రబడుతుంది. మీటరు పైహద్దు సున్నా డీబీ (డెసిబెల్) దాటి చిట్లిన శబ్దాన్ని ఏ ప్లగిన్ (శబ్దాన్ని మార్చే చిన్న ప్రోగ్రాం) కూడా పూర్తిగా బాగుచేయలేదు. అందుకే టెస్టింగ్‌కి ఆ చివరి రాగమే తీయించాలి, అది మైనస్ 10 డీబీ దగ్గర ఆగేలా ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ (మైకు శబ్దం మోతాదు) తగ్గించాలి. మామూలు మాటలు బాగా కిందికి పోతాయే అని భయం వద్దు. 24 బిట్‌లో రికార్డు చేస్తే తర్వాత పెంచుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ వైపు నుంచి బుస రాదు.

పద్యానికి తాళం కట్టదు కాబట్టి దెబ్బకో క్లిక్ కొట్టే మెట్రోనోమ్ ఆపేస్తాం. దాంతో పాటు ఆల్ట్, ఎస్ నొక్కి స్నాప్ కూడా ఆపాలి. లేకపోతే ముక్క జరిపిన ప్రతిసారీ గీతల దగ్గరికి దూకుతుంది. లలిత గీతాలకి మాత్రం క్లిక్ కావాలి. మిశ్రచాపు అయితే 7/8 పెట్టి ఒకటో దెబ్బ, నాలుగో దెబ్బ గట్టిగా పడేలా అమర్చుకుంటే గాయకుడికి తకిట తకధిమి వెంటనే అందుతుంది.

రీపర్ నాకు అసలు పనికొచ్చేది కోతల దగ్గర. గాయకుడూ నేనూ ఒకే గదిలో కూర్చుంటాం, వాళ్ల మైకు ఒకటి, హార్మోనియం మైకు ఒకటి. హార్మోనియం మోత గొంతు మైకులోకి ఎలాగూ దూరుతుంది. కాబట్టి గొంతు ట్రాక్ ఒక్కదాన్నే కోసి జరిపితే హార్మోనియం రెండుగా వినపడుతుంది. అందుకు రెండు ముక్కల్నీ ఎంచుకుని జి నొక్కుతాను, గ్రూపు అవుతాయి. ఆ తర్వాత ఎస్ నొక్కితే రెండూ ఒకే చోట తెగుతాయి, ఒకటి జరిపితే రెండోదీ జరుగుతుంది. మూడో పాదంలో మాట తడబడితే ఆ పాదం మీద టైమ్ సెలెక్షన్ గీసి, రికార్డ్ బొత్తాం మీద కుడి క్లిక్ చేసి ఆటో పంచ్ ఎంచుకుంటాను. ముందు పాదం నుంచి వినిపిస్తే గాయకుడు ఊపులోకొస్తాడు, రికార్డింగ్ మాత్రం గీసిన మేరే జరుగుతుంది. అతుకు ఎక్కడ పెట్టాలన్నది చెవి పని. ఊపిరి పీల్చే శబ్దం మధ్యలో కోస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఊపిరికి ముందు, పాత రాగం సద్దుమణిగిన చోట జూమ్ చేసి చూస్తే గీత సన్నబడి కనపడుతుంది. అక్కడ కోసి, కొత్త పాదాన్ని దాని ఊపిరితో సహా తెచ్చి అతికించి, అంచులు కొంచెం ఒకదాని మీదికి ఒకటి లాగితే క్రాస్‌ఫేడ్ పడుతుంది, అంటే పాతది తగ్గుతూ కొత్తది పెరుగుతూ కలుస్తాయి. చాలాసార్లు పాడినవాళ్లే అతుకు పోల్చుకోలేరు. ఏడో వెర్షన్‌లో ఒకే పాదం నాలుగు రకాలుగా పాడిస్తే నాలుగూ వరుసల్లో కనపడతాయి, ఏ ముక్క బాగుంటే ఆ ముక్క మీద గీసుకుంటూ పోవచ్చు.

ఒక ముక్క తీసేయగానే వెనక ఉన్నవన్నీ ముందుకి జరిగిపోతున్నాయా? పైన రిపుల్ ఎడిటింగ్ బొత్తాం వెలిగి ఉంటుంది. ఆల్ట్, పి తగిలితే అది మారుతుంది. మా గదికి వచ్చే కుర్రాళ్లు దెయ్యం పట్టిందనుకునేది ఇక్కడే.

ఫ్యాను సంగతి. మే నెలలో తెనాలిలో ఫ్యాను ఆపి పద్యం పాడమనడం పాపమే. ఆపాల్సిందే. రీపర్‌తో వచ్చే రియాఫిర్ ప్లగిన్‌లో సబ్‌ట్రాక్ట్ అనే పద్ధతి ఉంది. ఎవరూ మాట్లాడని ఐదారు సెకన్ల గది చప్పుడు వినిపించి, టిక్కు పెట్టి నాయిస్ ప్రొఫైల్ (ఆ చప్పుడు నమూనా) తయారుచేయించి, వెంటనే ఆ టిక్కు తీసేయాలి. తీయకుండా వదిలేస్తే గొంతుని కూడా చప్పుడు కిందే లెక్కేసి కోసేస్తుంది. పక్కవీధి మోత లాంటి సన్నని హోరుకి ఇది సరిపోతుంది. ఫ్యాను గాలికి వాడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. పద్యానికీ పద్యానికీ మధ్య ఫ్యాను వేసుకోవడం, మజ్జిగ ఇవ్వడం, ఇవే మా గదిలో నాయిస్ రిడక్షన్. 50 హెర్ట్జ్ గుంయ్ మాత్రం ఫ్యానుది కాదు, కరెంటుది. ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూస్తే ఎక్కడిదో చాలావరకు తేలిపోతుంది.

లోట్లు లేవా? ఉన్నాయి. వాద్యాల శబ్దాలు కావాలనుకునేవాళ్లు దీన్ని తెరిచి నిరుత్సాహపడతారు. తబలా, వీణ, పియానో, ఏవీ పెట్టెలో రావు, బయట నుంచి తెచ్చుకోవాలి. కీబోర్డు మీద పాట మొత్తం కట్టేవాళ్లకి, చేతిలో మ్యాక్ ఉంటే, గ్యారేజ్‌బ్యాండ్ నయం. ఒక్క ఇంటర్వ్యూనో, పిల్లల కథనో రికార్డు చేసి ముక్కలు కోసుకోవడానికైతే ఉచితంగా దొరికే ఆడాసిటీ చాలు. రీపర్ మాన్యువల్ వందల పేజీలు, అదీ ఇంగ్లీషులో. సెట్టింగ్స్ కిటికీ తెరిస్తే సగం మాటలు నాకిప్పటికీ అక్కర్లేనివే. కావలసినవి ఒకసారి అమర్చుకుని, గొంతు, హార్మోనియం ట్రాకులతో ఖాళీ ప్రాజెక్టుని టెంప్లేట్‌గా దాచుకుంటే ఆ కిటికీ జోలికి మళ్లీ పోనక్కర్లేదు.

సేవ్ చేసేటప్పుడు ప్రాజెక్టుకి విడిగా ఫోల్డర్ చేయమని, ఆడియో ఫైళ్లన్నీ అందులోకి కాపీ చేయమని రెండు టిక్కులుంటాయి. రెండూ పెట్టండి. రీపర్ ప్రాజెక్టు ఫైల్లో శబ్దం ఉండదు, శబ్దం ఎక్కడుందో చిరునామా మాత్రమే ఉంటుంది. ఆ ఒక్క ఫైలే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వచ్చిన కుర్రాడికి నేను చేయగలిగిందేమీ లేదు.

కొనేవాళ్లకి ఇంకొక్కటి. డెబిట్ కార్డుతో కట్టేముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోండి, కట్టాక ఆపేయండి. ఇప్పుడు ఏడో వెర్షన్‌కి కొన్న లైసెన్సు ఎనిమిదో వెర్షన్ చివరిదాకా, అంటే 8.99 వరకు పనిచేస్తుంది.