చిన్న సన్‌రూఫా, పనోరమిక్కా: వానాకాలానికి ఏది మేలు?

మే నెలాఖరు వచ్చిందంటే చాలు, కారు కొనబోయేవాళ్లందరూ నన్ను ఒకటే అడుగుతారు: "అన్నా, పనోరమిక్ అయితే వానకి కారుతుందట కదా, మామూలు సన్‌రూఫే మేలా?" సన్‌రూఫ్ అంటే కారు పైకప్పులో తెరుచుకునే అద్దం. మామూలుది ముందు సీట్ల పైన చిన్నగా ఉంటుంది, పనోరమిక్ అయితే వెనక సీటు దాకా పరిచినట్టు ఉంటుంది. ఈ మధ్య మా ఇంటికి కారు తీసుకునేటప్పుడు నేను కూడా ఇదే లెక్క వేసుకున్నాను. చివరికి చిన్న సన్‌రూఫ్ ఉన్న వేరియంటే తీసుకున్నాను.

కారణం చెప్పాలంటే ముందు రబ్బరు సంగతి చెప్పాలి. అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగే వానని మొత్తం ఆపుతుందని చాలామంది అనుకుంటారు. గాలి హోరు, దుమ్ము, నీటిలో ఎక్కువ భాగం అది ఆపుతుంది, నిజమే. కానీ దాన్ని దాటి కొంత నీరు వస్తుందన్న లెక్కతోనే సన్‌రూఫ్‌ని తయారుచేస్తారు. అద్దం కింద చుట్టూ ఒక గాడి ఉంటుంది. దాని మూలల్లో సన్నటి డ్రెయిన్ పైపులు, మామూలుగా నాలుగు. ముందు రెండూ విండ్‌షీల్డ్ పక్కనున్న పిల్లర్లలోంచి దిగి ముందు తలుపు కీళ్ల దగ్గరో, చక్రం వెనకో బయటికి వస్తాయి. వెనక రెండూ వెనక పిల్లర్లలోంచి దిగి బంపర్ లోపలి వైపు తేలతాయి. డాబా మీద తూము చేసే పనే ఇవీ చేస్తాయి. తూముకి ఆకులు అడ్డం పడితే నీరు నిలిచి స్లాబు చెమ్మెక్కుతుంది. ఇక్కడ పైపు మూసుకుపోతే గాడి నిండి, నీరు రూఫ్ లైనింగ్ (కారు లోపల పైకప్పుకి ఉండే గుడ్డ పలక) మీదికి పొర్లుతుంది.

అందుకే నా దృష్టిలో రబ్బరు మందం, అద్దం సైజు తర్వాతి విషయాలు. ఆ పైపుల మూతుల దాకా మన చెయ్యి వెళ్తుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

చిన్న సన్‌రూఫ్‌లో అద్దం పూర్తిగా వెనక్కి జరిపి, టార్చి వేసి చూస్తే ముందు మూలల్లో రెండు రంధ్రాలు కనిపిస్తాయి. వెనక రెండూ రూఫ్ రేకు కింద దాక్కుని ఉంటాయి, అది ఒప్పుకోవాలి. కానీ ఫ్రేమ్ చిన్నది, గాడి పొడవు తక్కువ, అందులోకి దిగే నీరు, చెత్త కూడా తక్కువే. లైనింగ్ దించాల్సి వచ్చినా పని కొంత చిన్నది.

పనోరమిక్‌లోనూ ముందు రంధ్రాలు ఇలాగే అందుతాయి. చిక్కంతా వెనకే. చాలా కార్లలో ముందు అద్దం మాత్రమే తెరుచుకుంటుంది, వెనకది కదలదు. వెనక పైపుల మూతులు ఆ కదలని అద్దం చివర, దాని కింద ఉంటాయి. అక్కడ అడ్డుపడితే పై నుంచి చేతికి అందవు. రూఫ్ లైనింగ్ దించాలి, దానికోసం పిల్లర్ల మీది ప్లాస్టిక్ తొడుగులు (ట్రిమ్) తియ్యాలి. ఆ ట్రిమ్ వెనకే, ప్రమాదం జరిగినప్పుడు కిటికీల పక్కన తెరలా విచ్చుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి కాబట్టి ఇంటి దగ్గర స్క్రూడ్రైవర్‌తో చేసే పని కాదు. లేబర్ చార్జీ అక్కడే తడిసి మోపెడవుతుంది. వారంటీ ఉన్నా, ఆకులతో మూసుకుపోయిన పైపుని మెయింటెనెన్స్ కింద లెక్కేసి బిల్లు మన చేతికే ఇవ్వడం తరచుగా జరుగుతుంది.

పనోరమిక్‌కి దాని గొప్ప దానికుంది. వెనక సీట్లో కూర్చున్న పిల్లలకి, పెద్దవాళ్లకి ఆ వెలుతురు ఎంత హాయో నాకు తెలుసు. కవర్డ్ పార్కింగ్ ఉండి, సర్వీసుకి ఇచ్చిన ప్రతిసారీ డ్రెయిన్లు చూడమని పట్టుబట్టి రాయించుకునే ఓపిక ఉంటే నిరభ్యంతరంగా తీసుకోండి. చెట్టు కింద పార్క్ చేసేవాళ్లకి మాత్రం నా సలహా వేరు.

మన దగ్గర చెట్టు కింద నీడ చూసుకుని కారు పెట్టేది ఎండాకాలంలోనే. వేప పూత, కానుగ పూలు, ఎండుటాకులు రాలేదీ అప్పుడే. జూన్‌లో తొలి వాన పడేసరికి గాడి నిండా సరంజామా సిద్ధంగా ఉంటుంది. మా కారు ఉండేది కానుగ చెట్టు కిందే. అద్దం తెరిచి గాడి మూలలో గుడ్డతో తుడిస్తే పూరేకులు, దుమ్ము కలిసిన నల్లటి ముద్ద వస్తుంది. తడిగా ఉంటే మెత్తటి బురద, ఎండితే గట్టి బిరడా.

తుడిచాక పరీక్ష చెయ్యాలి. చిన్న గ్లాసుతో నీళ్లు తీసుకుని ముందు మూల రంధ్రం దగ్గర కొద్దికొద్దిగా పొయ్యండి. ఇంకొకరిని కింద తలుపు కీళ్ల దగ్గర చూడమనండి. పైపు బాగుంటే కాసేపట్లోనే సన్నటి ధార కిందికి వస్తుంది. పైన నీరు అలాగే నిలబడినా, ఎడమ వైపు ధారగా వచ్చి కుడి వైపు బొట్లుబొట్లుగా పడినా ఆ పైపులో అడ్డం ఉన్నట్టే. అప్పుడు గడ్డి కోసే మెషీన్‌కి వాడే మెత్తటి నైలాన్ తీగ కొస గుండ్రంగా చేసి, పై నుంచి మెల్లగా పంపాలి. ఎక్కడైనా ఆగితే బలవంతం చెయ్యొద్దు. ఇనప తీగ అస్సలు వద్దు, పైపుకి చిల్లు పడుతుంది. పంక్చర్ షాపులో ఫుల్ ప్రెషర్‌తో గాలి కొట్టించడం ఇంకా ప్రమాదం. పైపు లోపలి జాయింట్ దగ్గర ఊడిపోతే ఆ తర్వాత వాన నీరంతా నేరుగా క్యాబిన్‌లోకే. కొన్ని కార్లలో పైపు కింది కొసకి చీలిక ఉన్న రబ్బరు మూతి ఉంటుంది. చక్రం చిమ్మిన బురదతో అది అతుక్కుపోతుంది, వేళ్లతో నొక్కితే విడిపోతుంది.

మా బంధువుల కారుకి ఒక మెకానిక్ అద్దం చుట్టూ సిలికాన్ పూసి "ఇక చుక్క రాదు" అన్నాడు. సన్‌రూఫ్ తెరుచుకోకుండా పోయింది. పైపులు మూసుకుని ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కారు కుదుపులకి ఆ సిలికాన్ పగిలి మళ్లీ కారడం మొదలైంది. కార్పెట్ పైన పొడిగా కనిపించినా కింద స్పాంజి నీరు పట్టి ఉంటుంది, వైరింగ్ కనెక్టర్లు కూడా అక్కడే ఉంటాయి. నాకు టెన్షన్ అంతా ఆ దాక్కున్న తడి గురించే.

అయితే కాళ్ల దగ్గర తడి కనిపించగానే తప్పు సన్‌రూఫ్ మీద వెయ్యకండి. వాన లేని రోజున, ఏసీ వేసినప్పుడే ఎడమ వైపు ముందు కార్పెట్ తడుస్తుంటే అది ఏసీ డ్రెయిన్ పైపు సమస్య కావచ్చు. వాన తర్వాత సన్‌వైజర్ దగ్గరో, పిల్లర్ మీదో మరకలు కనిపిస్తే సన్‌రూఫ్ పైపుల మీద అనుమానపడాలి.

ఇక మిగతావి. అయోనిక్ 5, టెస్లా మోడల్ వై లాంటి ఎలక్ట్రిక్ కార్లలో ఉండే తెరుచుకోని గాజు రూఫ్‌ని విండ్‌షీల్డ్‌లాగే అంటిస్తారు కాబట్టి ఈ గాడి, పైపుల గొడవే ఉండదు. ఎండ వేడి మాత్రం భరించాలి. అసలు సన్‌రూఫే లేని వేరియంట్ దొరికితే దానికి వంక పెట్టేదేమీ లేదు. బయట రూఫ్ కోయించి పెట్టించుకునే సన్‌రూఫ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కి విరుద్ధమని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

చిన్నదైనా పెద్దదైనా తీసుకున్నాక మే చివర్లో ఒకసారి డ్రెయిన్లు చూడండి. నెల్లూరు, తిరుపతి వైపు ఉండేవాళ్లకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి అక్టోబరు మొదట్లో ఇంకోసారి చూడాలి. రబ్బరుకి సిలికాన్ గ్రీజు పలుచగా రాస్తే చాలు, పెట్రోలియం గ్రీజు రాస్తే అది ఉబ్బి పాడవుతుంది. షోరూమ్‌లో టెస్ట్ డ్రైవ్ అడిగినప్పుడే అద్దం తెరిపించి, వెనక డ్రెయిన్లు ఎక్కడున్నాయో, వాటిని ఎలా శుభ్రం చేస్తారో సర్వీస్ అడ్వైజర్‌ని పిలిపించి చూపించమనండి. సేల్స్ వాళ్లని అడిగితే లాభం లేదు, ఆ పని చేసేది సర్వీస్ వాళ్లే.