మా ఊరి గానుగ నూనె: పప్పునూనె భేష్, జంతికలకు మాత్రం వద్దు

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తాను. ఆవకాయకు, పోపులకు, ఇంటి కూరలకు ఈ గానుగ దుకాణంలో నూనె నిశ్చింతగా కొనుక్కోవచ్చు. నాలాగా పిండివంటలు అమ్ముకునేవాళ్ళు మాత్రం మూకుడులో పోయడానికి ఇక్కడ కొనేముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి. నేను వేసుకోలేదు. ఒక పెళ్ళి సారెలో రావాల్సిన లాభం నురగలో పోయింది.

దుకాణం పేరు రాయను. పెద్దాయన మీద గౌరవం ఉంది, కింద ఒక ఫిర్యాదూ ఉంది. ఏలూరులో ఈ నాలుగైదేళ్ళలో చెక్క గానుగలు చాలానే వెలిశాయి, ఇది వాటిలో ఒకటి అనుకోండి. నేను పాతికేళ్ళుగా ఇంటి దగ్గరే జంతికలు, చెక్కలు, చేగోడీలు, గవ్వలు వండి ఇస్తున్నాను. నెలకు 15 కిలోల డబ్బాలు ఆరేడు ఖాళీ అవుతాయి. నూనె గురించి నేను చెప్పే మాటకు నా ముంజేతి మీది మచ్చలే సాక్ష్యం.

నన్ను ఈ గానుగ గుమ్మం ఎక్కించింది మా ఊరివాళ్ళు కాదు, ఉక్రెయిన్, ఇండోనేషియా. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలుపెట్టింది. ప్రపంచంలో ఎగుమతయ్యే పొద్దుతిరుగుడు నూనెలో ముప్పాతిక వంతు దాకా ఆ రెండు దేశాలదే. నల్ల సముద్రం రేవుల్లో ఓడలు ఆగిపోయాయి, ఇక్కడ ప్యాకెట్ ధర రాత్రికి రాత్రి మారింది. పోనీ పామాయిల్ ఉంది కదా అనుకున్నాం. ఏప్రిల్ 22న ఇండోనేషియా అధ్యక్షుడు జోకో విడోడో ఎగుమతులు ఆపేస్తున్నామని ప్రకటించారు, 28 నుంచి ఆపేశారు. ప్రపంచంలో పండే పామాయిల్‌లో సగానికి పైగా వాళ్ళదే. అలాంటి దేశంలో అప్పటికే ఆడవాళ్ళు వంటనూనె కోసం వరసల్లో నిలబడుతున్నారు, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, ఎగుమతి అనుమతుల్లో గోల్‌మాల్ జరిగిందని వాణిజ్య శాఖ ఉన్నతాధికారినే అరెస్టు చేశారు. అరటితోట యజమాని ఇంట్లో పండగనాడు అరటిపండు లేనట్టు.

మే నెల మొదటి వారంలో నేను పామాయిల్ డబ్బాల కోసం హోల్‌సేల్ కొట్టుకు వెళ్తే లీటరు లెక్క 160 దాటింది. కరోనా ముందు అదే కొట్టులో 80, 85కు తెచ్చుకున్నాను. చేతిలో ఒక పెళ్ళి సారె ఆర్డరు ఉంది, అడ్వాన్సు పాత ధర మీద తీసుకున్నాను. సరిగ్గా ఆ సాయంత్రమే మా మరిది ఫోను చేశాడు. కామవరపుకోట దగ్గర అతనికి ఎనిమిదెకరాల పామాయిల్ తోట ఉంది.

"వదినా, టన్ను గెలలు 20 వేలు దాటాయి. ఆ ఇండోనేషియావాళ్ళు ఇంకో రెండు నెలలు అలాగే ఆపితే అమ్మాయి పెళ్ళికి అప్పు చేయనక్కర్లేదు."

"నీకేం నాయనా, ఇక్కడ నా పొయ్యి ఆరిపోయేలా ఉంది."

"అయితే నా గెలలు నువ్వే పిండుకో వదినా."

ఇద్దరం నవ్వుకున్నాం కానీ నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఒకే ఇంటి పేరు, ఒకే నూనె, అతనికి పండగ, నాకు దండగ. అదే నెలలో ఇండోనేషియా రైతులు తమ గెలలు కొనే దిక్కు లేదని జకార్తాలో ఊరేగింపు తీశారు. ఎగుమతి లేకపోతే మిల్లులకు కాయతో పనేముంది? వాళ్ళ కన్నీళ్ళు మా మరిదికి కలిసొచ్చాయి. మే 23న నిషేధం ఎత్తేశారు. ఏడాది తిరక్కుండానే అతని టన్ను ధర 13 వేల దగ్గరకు దిగింది, అప్పుడు అతనికి నిద్ర లేదు.

ఈ లోపు నేను పౌరుషానికి పోయాను. ఎక్కడో యుద్ధం జరిగితే నా చేగోడీ ధర ఎందుకు మారాలి? మన పల్లీలు, మన గానుగ ఉన్నాయి కదా అని దుకాణానికి వెళ్ళాను.

దుకాణం చూడముచ్చటగా ఉంటుంది. బోర్డు మీద ఎద్దు బొమ్మ ఉంది, లోపల మోటారు ఉంది. ఆ ఎద్దు గురించి అడిగితే పెద్దాయన, "దానికి గడ్డి ఎక్కడ తేనమ్మా, ఇది కరెంటు తింటుంది" అన్నారు. పొద్దున్న ఆరింటికల్లా తిప్పుతారు. ఒక వాయికి 15 కిలోల పల్లీ పప్పు, ముప్పావు గంట. నిలబడి చూడాలి దాన్ని. మొదట పప్పు పొడి అవుతుంది, ఆ పొడి ముద్ద అవుతుంది, కాసేపటికి ఆ ముద్ద రోలు అంచుకు ఎగబాకి తళతళలాడుతుంది. అడుగున సన్నటి ధార మొదలయ్యేసరికి వీధి చివరికి వాసన వెళ్తుంది. నువ్వులకైతే మధ్యలో గుప్పెడు బెల్లం వేస్తారు, పిప్పి ముద్దకట్టడానికి. దిగిన నూనెను స్టీలు గిన్నెల్లో పోసి, పలచటి గుడ్డ కట్టి, మడ్డి దిగేదాకా ఎండలో పెడతారు. ఆ రెండు రోజులు ఆగమంటే ఆగాలి, తొందరపెడితే ఇవ్వరు. నాకు నచ్చిన మొదటి సంగతి ఇదే.

పప్పునూనె, అంటే నువ్వుల నూనె గురించి వంక పెట్టడానికి ఏమీ లేదు. ఈ మూడు వేసవులూ ఆవకాయ ఆ నూనెతోనే కలిపాను. మూడో రోజు జాడీ మూత తీస్తే ఊట మీద తేలిన నూనెలో నువ్వుల వాసన ఆవఘాటును దాటుకుని వస్తుంది. దానితో పాటు దొరికే తెలగపిండి కోసమైనా ఒకసారి వెళ్ళండి. సంచుల్లో నెలల తరబడి మగ్గినది కాదు, చేతికి వెచ్చగా తగులుతుంది. మునగాకు వేసి, వెల్లుల్లి దంచి, పొడిపొడిగా వండితే మా ఆయన రెండో కూర అడగరు.

ఇక వేపుడు సంగతి. సారె జంతికలకు పల్లీ నూనె 15 కిలోలు తెచ్చి మూకుడులో పోశాను. మొదటి వాయి దివ్యంగా వచ్చింది. రెండో వాయికి నురగ పొంగి అంచు దాటింది, పొయ్యి మీద పడి మంట లేచింది. మూడో వాయికి నూనె రంగు తేనెలా మారింది. గానుగ నూనెలో మిగిలే తడి, సన్నటి పిండి, జిగురు అన్నీ కలిసి ఇలా చేస్తాయట. రిఫైనరీలో తీసేసేది వాటినే. కిలో 340కి కొన్న నూనె సగం వడకట్టి పారబోశాను. డాలస్‌లో మా అక్క కూతురికి పంపిన పెట్టె పన్నెండో రోజుకు చేరింది, జంతికలు అప్పటికే కనరెక్కాయి. అదే పామాయిల్‌లో వేసినవి నెల దాటినా కరకరలాడతాయి. పామాయిల్ గొప్ప ఆరోగ్యమని నేను అనను, వేడికి మాత్రం గట్టిగా నిలబడుతుంది. ఇది దుకాణం తప్పు కాదు, నూనె గుణం. కాకపోతే "వ్యాపారానికి కూడా వాడొచ్చా బాబాయి గారూ" అని నేను అడిగినప్పుడు ఆయన "దివ్యంగా" అన్నారు. ఆ మాట మింగుడుపడలేదు.

అసలు ఫిర్యాదు వేరే. 2023 వానాకాలంలో తెచ్చిన ఐదు కిలోల పల్లీ నూనె మూత తీయగానే కనరు వాసన. పప్పు తడిసినదో, పాత నూనె అడుగున కలిసిందో తెలియదు. తీసుకెళ్తే కుర్రవాడు "మీ ఇంట్లో మూత పెట్టలేదేమో" అన్నాడు. పెద్దాయన వచ్చి వేలితో రుచి చూసి, మాట మాట్లాడకుండా కొత్తది పోసి ఇచ్చారు. అప్పటినుంచి నేను డబ్బు ఇచ్చేముందే మూత తీసి వాసన చూస్తున్నాను. మీరూ చూడండి, ఆయన ఏమీ అనుకోరు.

ఇక్కడ నూనె తూచి కిలోల్లో ఇస్తారు, బయటి ప్యాకెట్ లీటర్లలో ఉంటుంది. లీటరు నూనె 910 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది కాబట్టి ధరలు పోల్చేటప్పుడు జాగ్రత్త. ఈ మధ్య పామాయిల్ ప్యాకెట్లు 850 గ్రాములకు, ఇంకా కిందికీ దిగాయి, ప్యాకెట్ సైజు మాత్రం చూపుకు పాతదే. సన్నక్షరాలు చదవడానికి కళ్ళజోడు పెట్టుకుని కొట్టుకు వెళ్ళాల్సిన రోజులు.

ధర మాటకొస్తే నా పౌరుషం పూర్తిగా కరిగింది ఇక్కడే. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద దిగుమతి సుంకం మొత్తం 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. అప్పటికే దసరా ఆర్డర్లు పట్టి ఉన్నాను. సరే, దిగుమతి నూనెకు పెరగాలి. పల్లీ గానుగ నూనెకు 40 రూపాయలు ఎందుకు పెరిగింది? అనంతపురం పల్లీ ఏ ఓడెక్కింది? అడిగాను. పెద్దాయన చీటీ రాస్తూనే అన్నారు: "నూనె నూనెను చూసి పెరుగుతుందమ్మా. ప్యాకెట్ ఖరీదైతే జనం పల్లీ వైపు వస్తారు, మిల్లువాడు పప్పు ధర పెంచుతాడు. నేను పెంచకపోతే నాకు పప్పు దొరకదు." 2025 మే చివర ఆ సుంకం 16.5కు తగ్గించారు. ఈయన ధర తగ్గించలేదు. నూనె నూనెను చూసి తగ్గదు కాబోలు.

మనం తినే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంటే ఇంతకంటే వేరే జరగదు. 2019లో మలేషియా ప్రధాని మహతీర్ ఐక్యరాజ్య సమితిలో కశ్మీర్ గురించి మాట్లాడారు, తర్వాత పౌరసత్వ చట్టం గురించీ మాట్లాడారు. 2020 జనవరిలో మన ప్రభుత్వం, మలేషియా నుంచి ఎక్కువగా వచ్చే రిఫైన్డ్ పామాయిల్ దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది. ఆ సంక్రాంతికి నేను అరిసెలు వేస్తూ మహతీర్‌ను తిట్టుకున్నాను. ఆయనకు తెలియదు పాపం.

డాలస్ అమ్మాయి ఇప్పుడు ప్రతి ఆర్డరుకూ ఒక వాక్యం చేరుస్తోంది: "పిన్నీ, పామాయిల్ వద్దు, అడవులు కాల్చేస్తున్నారు." అబద్ధం కాదు. 2015లో ఇండోనేషియాలో, ఎండితే బొగ్గులా మండే తడినేలలను కాలువలు తీసి ఎండగట్టి, తోటల కోసం అంటించిన మంటలు అదుపు తప్పాయి. 26 లక్షల హెక్టార్లు కాలాయి, పొగ సింగపూర్, మలేషియాల మీద వారాల తరబడి కమ్ముకుంది. నష్టం 1,600 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్క కట్టింది. అడవి నరికిన నేలలో పండలేదని రుజువు చూపిస్తేనే రానిస్తామని ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది, దాని అమలు వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. అయితే అమ్మాయికి నేను చెప్పేది ఇంకోటి ఉంది. హెక్టారుకు పామాయిల్ మూడు నాలుగు టన్నులు ఇస్తుంది, సోయా అర టన్నుకు అటూ ఇటూ. అందరూ సోయాకు మారితే ఇంకెంత అడవి కావాలి? పైగా ఇండోనేషియా 2025లో డీజిల్‌లో 40 శాతం పామాయిల్ ఇంధనమే కలపడం మొదలుపెట్టింది. నా మూకుడు ఒక్కటీ మానేస్తే ఆ లారీలు ఆగుతాయా?

మా మరిది తోట అడవి నరికి వేసింది కాదు, ఒకప్పటి పొగాకు చేను. ఇబ్బంది అంతా నీటితోనే. ఎకరానికి 57 చెట్లు, వేసవిలో చెట్టుకు రోజుకు 200 లీటర్లు పెట్టినా ఎకరానికి పదకొండు వేల లీటర్ల పైమాట. మెట్ట ప్రాంతంలో అదంతా బోరు నీరే. అతని మొదటి బోరు ఎండిపోయింది, రెండోది లోతుగా వేశాడు. కేంద్రం 2021లో 11,040 కోట్లతో పామాయిల్ మిషన్ ప్రకటించి ఇంకా తోటలు వేయమంటోంది. నేలలోకి ఎంత లోతు దిగాలో అందులో రాయలేదు. నేను ఈ మాట అంటే మరిది, "నువ్వు మాత్రం పామాయిల్‌లోనే జంతికలు వేస్తావు వదినా" అంటాడు. నోరు మూసుకుంటాను.

కాబట్టి నా పద్ధతి ఇప్పుడు ఇలా ఉంది. అమ్మకానికి వేసే జంతికలు, చెక్కలు పామాయిల్‌లోనే, అడిగినవాళ్ళకు దాచకుండా చెబుతాను. డాలస్ పెట్టె పొద్దుతిరుగుడు నూనెలో, ధర వేరు. ఇంటి కూరలకు, పచ్చళ్ళకు ఈ గానుగే. పప్పునూనెకు ఐదుకు ఐదు, తెలగపిండికి ఆరు ఇచ్చే వీలుంటే ఆరు. పల్లీ నూనెకు మూడున్నర. ఆ కుర్రవాడి మర్యాదకు రెండు.

సోమవారం సెలవు. ఎనిమిది లోపు వెళ్తే గానుగ తిరుగుతుండగా చూడొచ్చు. స్టీలు క్యాను మీరే తీసుకెళ్ళండి, వాళ్ళిచ్చే ప్లాస్టిక్ డబ్బా మూత కారుతుంది, నా ఆటోలో రెండుసార్లు కారింది. ఆవకాయ నూనె కావాలంటే ఉగాది వెళ్ళగానే చెప్పి పెట్టుకోండి, మామిడికాయ దిగాక వెళ్తే వారం ఆగమంటారు.