పన్నెండేళ్ల వాడకం తర్వాత నా 1962 ఫెండర్ డీలక్స్

ఈ యాంప్లిఫయర్ మా ఇంటికి 2013 అక్టోబరులో వచ్చింది. అప్పటి నుంచి వారానికి నాలుగు రోజులైనా దీని మీద గిటార్ వాయిస్తున్నాను. కాఫీపొడి రంగు రెక్సిన్, గోధుమ వన్నె జాలీగుడ్డ, ముందువైపు ఆరు నాబ్‌లు, లోపల ఒక పన్నెండు అంగుళాల స్పీకరు. గిటార్ వాళ్లు దీన్ని బ్రౌన్ డీలక్స్ అంటారు. పాత వాల్వు యాంప్లిఫయర్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు బుడ్లలాంటి వాల్వులతో నడిచేది) కొనాలనుకునే మిత్రులు తరచూ ఫోన్ చేసి అడుగుతుంటారు. వాళ్లకి ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు ఈ మోడల్ గురించి కొంచెం. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ కంపెనీ యాభైలలో చేసిన యాంప్లిఫయర్లకి ట్వీడ్ గుడ్డ అంటించేది. 1960 నుంచి గోధుమరంగు రెక్సిన్, 1963-64 నుంచి నలుపు, 1968 నుంచి వెండిరంగు ముఖపట్టీ. మధ్యలో 1965 జనవరిలో సీబీఎస్ అనే ప్రసార సంస్థ ఆ కంపెనీని కోటీ ముప్పై లక్షల డాలర్లకి కొనేసింది. ట్వీడ్ డీలక్స్‌కి పేరు ఎక్కువ. రాక్ గాయకుడు, గిటారిస్టు నీల్ యంగ్ ఇన్నేళ్లుగా తన 1959 నాటి ట్వీడ్ డీలక్స్‌ని వదలలేదు. రివర్బ్ (ధ్వని గదిలో మారుమోగినట్టు వినిపించే ఏర్పాటు) ఉన్న నలుపు డీలక్స్ రివర్బ్‌కీ అంతే పేరుంది. బ్రౌన్ డీలక్స్ మాత్రం 1961 నుంచి 1963 వరకే తయారైంది. రెండు పేరున్న మోడళ్ల మధ్య పడిపోయింది కాబట్టి దీని కోసం వెతికేవాళ్లు తక్కువ, దొరికేవీ తక్కువే. నాకు మాత్రం ఈ మూడింటిలో ఇదే ఇష్టం.

అయితే నేను మొదట కొన్నది ఇది కాదు. 2011లో ఒకాయన ఆన్‌లైన్‌లో 1966 డీలక్స్ రివర్బ్ అని ఒకటి అమ్మకానికి పెట్టాడు. ఫొటోల్లో నల్లగా నిగనిగలాడుతోంది. పదిహేను రోజులు నిద్ర పట్టలేదు, చివరికి డబ్బు పంపేశాను. పార్సిల్ విప్పేసరికి రెండు వాల్వులు పగిలి గాజు పెంకులు అడుగున పడి ఉన్నాయి. సరే, వాల్వులు మార్చుకోవచ్చు కదా అని ఒక పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వెనక పలక విప్పి, ట్రాన్స్‌ఫార్మర్ మీద అచ్చుకొట్టిన అంకెలు నాతోనే చదివించాడు. 606, తర్వాత 1, తర్వాత రెండంకెల సంఖ్య. 606 అంటే తయారుచేసిన షూమాకర్ కంపెనీ. తర్వాతి అంకె సంవత్సరంలో చివరిది, ఆ తర్వాతి రెండూ ఏ వారమో చెబుతాయి. చివర 1 వచ్చే ఏడాది 1961 కావాలి, లేదా 1971 కావాలి. 1963కి ముందు ఆ మోడలే లేదు. అంటే అది 1971లో చేసిన వెండిముఖం యాంప్లిఫయర్. ముఖపట్టీ, నాబ్‌లు, గుడ్డ మార్చి నల్లదానిగా అమ్మేశారు. అమ్మినాయనతో రెండు నెలలు గొడవపడ్డాను. సగం డబ్బు కూడా వెనక్కి రాలేదు.

ఆ నష్టం వల్ల నాకు అంకెలు చదవడం వచ్చింది. పాత అమెరికన్ యాంప్లిఫయర్ ఏది కొన్నా ఇది రావాలి కాబట్టి వివరంగా చెబుతాను. స్పీకరు ఇనుప చట్రం మీద ఆరంకెలు ఉంటాయి. 465తో మొదలైతే ఆక్స్‌ఫర్డ్, 220 అయితే జెన్సెన్, 137 అయితే సీటీఎస్. తర్వాతి అంకెలు పైన చెప్పినట్టే సంవత్సరం, వారం. వాల్యూమ్ నాబ్ వెనకుండే పాట్ (నాబ్‌తో పాటు తిరిగే రెసిస్టర్) మీద కూడా ఇలాంటి అంకెలే ఉంటాయి, స్టాక్‌పోల్ వాళ్లదైతే 304. ఇవి కాక ఫెండర్ పెట్టె లోపలి గోడకి వాల్వుల పటం కాగితం అంటించి ఉంటుంది, దాని మీద రెండక్షరాల ముద్ర. మొదటి అక్షరం సంవత్సరం: ఏ అంటే 1951, అలా లెక్కపెట్టుకుంటూ వస్తే ఎల్ అంటే 1962. రెండోది నెల: ఏ జనవరి, కె నవంబరు. వీటన్నిటిలో కాగితం మీది తేదీయే చివరిది కావాలి, ఎందుకంటే విడిభాగాలు వచ్చాకే పెట్టె పూర్తవుతుంది. కాగితం 1962 అని చెబుతూ స్పీకరు 1964 అంటే, ఆ స్పీకరు తర్వాత ఎవరో మార్చినది.

మా మేనమామకి చిలకలూరిపేటలో రేడియో రిపేరు షాపు ఉండేది. వేసవి సెలవులకి వెళ్తే అక్కడే కూర్చునేవాణ్ని. వేడెక్కిన వాల్వుల మీద దుమ్ము కాలే వాసన నాకు అక్కడే తెలుసు. పిట్స్‌బర్గ్‌లో ఉద్యోగంలో చేరి, గిటార్ నేర్చుకుని, మొదటిసారి ఒక వాల్వు యాంప్లిఫయర్ ముందు కూర్చున్నప్పుడు ఆ వాసన మళ్లీ తగిలింది. కొత్త యాంప్లిఫయర్ల నుంచి పాతవాటి వైపు నన్ను లాగింది అదే.

మోసపోయాక ఆన్‌లైన్ మానేసి ఊళ్ల మీద పడ్డాను. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల, మొనొంగహేలా నది పొడవునా ఉన్నవన్నీ ఒకప్పటి ఉక్కు మిల్లుల ఊళ్లు. ఆ మిల్లుల్లో పనిచేసిన కుటుంబాల్లో చాలామంది తూర్పు యూరప్ నుంచి వచ్చినవాళ్లు. శనివారం రాత్రి పెళ్లిళ్లలో పోల్కా బ్యాండ్లు, వాటిలో అకార్డియన్లు, గిటార్లు. ఆ వాయిద్యాలకి యాంప్లిఫయర్లు కావాలి కదా. అవి ఆ ఇళ్ల బేస్‌మెంట్లలోనే ఉండాలని నా నమ్మకం. "పాత వాల్వు యాంప్లిఫయర్లు పనిచేయకపోయినా కొంటాను" అని కార్డులు రాసి మ్యూజిక్ షాపుల్లో, లాండ్రీల్లో, చర్చిల నోటీసు బోర్డుల మీద పెట్టాను. ఒహాయోలోని యంగ్స్‌టౌన్ దాకా వెళ్లాను. పదకొండు నెలలు పట్టింది. వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం ట్రాన్సిస్టర్ సెట్లు, రికార్డు ప్లేయర్లు, ఒకసారి నలుగురు కూడా మోయలేని ఆర్గన్. ప్రతిదానికీ వెళ్లి చూశాను. వెళ్లకుండా ఫోన్‌లోనే వద్దని ఉంటే ఇది నాకు దొరికేది కాదు, ఎందుకంటే దీని గురించి ఫోన్ చేసినావిడ చెప్పింది "గోధుమరంగు రేడియో పెట్టె" అని మాత్రమే.

వాళ్ల నాన్నగారు మిల్లు కార్మికుడు, అకార్డియన్ వాయించేవారు. ఆయన పోయి ఏడాదైంది. టార్చి వేసి వెనకనుంచి చూశాను. ట్రాన్స్‌ఫార్మర్లు రెండింటి మీదా 606-2, స్పీకరు 465-2, కాగితం మీద ఎల్, కె. అంటే 1962 నవంబరు. ట్రాన్స్‌ఫార్మర్ తీగల దగ్గర ఫ్యాక్టరీ టంకం అలాగే మెరుస్తోంది, ఎవరూ ముట్టుకోలేదు. స్పీకరు కోన్ (కాగితపు గరాటు) చిరిగిపోయింది. పెట్టె అడుగున చెమ్మ మరకలు. ఆవిడ రెండు వందల డాలర్లు అడిగింది. ఆ క్షణంలో నా గుండె ఎలా కొట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది. దాని అసలు విలువ ఎంతో ఆవిడకి చెప్పాను, రిపేరుకి అయ్యేది తీసేసి 1,500 డాలర్లు ఇచ్చాను. పాత సామాన్ల వేటలో తెలియనివాళ్ల దగ్గర చౌకగా కొట్టేయడం గొప్పగా చెప్పుకునేవాళ్లుంటారు. నాకది నచ్చదు. ఆ పెట్టె ముందు ఇన్నేళ్లుగా కూర్చుని వాయిస్తున్నాను, వాళ్ల నాన్నగారి వస్తువుని ఆవిడ దగ్గర లాక్కున్నాననే బాధ లేకుండా వాయించగలుగుతున్నాను.

ఇంటికి తెచ్చాక ప్లగ్గు పెట్టి చూడాలని చేతులు లాగుతాయి. దయచేసి పెట్టకండి. ఏళ్ల తరబడి మూలపడ్డ సెట్‌లో ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే అవి షార్టై, లోపలున్న వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగాన్ని, అంటే పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ని, కాల్చేస్తాయి. మా మామ వాడిన సిరీస్ బల్బు పద్ధతే ఇక్కడా: కరెంటు నేరుగా కాకుండా ఒక బల్బు గుండా సెట్‌కి వెళ్లేలా కలపాలి. బల్బు ధగధగా వెలిగిందంటే లోపల షార్ట్ ఉన్నట్టు, ఒక్క క్షణం వెలిగి మందగించిందంటే ఫరవాలేదన్నట్టు. ఇంకో మాట ఆయన ఎప్పుడూ అనేవాడు: "ప్లగ్గు పీకినంత మాత్రాన కరెంటు పోయిందనుకోకురా." దీని లోపల 350 వోల్టులకి పైనే ఉంటుంది, ఆపేశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. అది ప్రాణం తీస్తుంది. దాన్ని దించడం తెలియకపోతే లోపల చెయ్యి పెట్టొద్దు, మెకానిక్‌కి ఇవ్వండి.

నా మెకానిక్ చేసిన పనులు: ఫిల్టర్ కెపాసిటర్లన్నీ మార్చాడు. పవర్ వాల్వుల బయాస్‌కి (వాటిలో ఎంత కరెంటు పారాలో అదుపుచేసే వోల్టేజీకి) ఉండే చిన్న కెపాసిటర్ మార్చాడు. అది ఎండిపోతే వాల్వుల ప్లేట్లు ఎర్రగా కాలిపోతాయి, కాబట్టి చిన్నదని వదిలేయకూడదు. రెండు పిన్నుల తీగ తీసి ఎర్త్ ఉన్న మూడు పిన్నులది వేశాడు. కరెంటు లైనుకీ ఇనుప చాసిస్‌కీ మధ్య ఉండే కెపాసిటర్‌ని కోసేశాడు. దాన్ని మెకానిక్‌లు చావు కెపాసిటర్ అనే పిలుస్తారు. అది షార్టైతే గిటార్ తీగలకే కరెంటు వస్తుంది, పెదవి మైకుకి తగిలితే అంతే. మొత్తం 240 డాలర్లయింది. ఈ మార్పుల వల్ల పాతదనం పోతుందని భయపడేవాళ్లుంటారు. వాయించేవాళ్లకి ఆ భయం అక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్లు, పైన్ చెక్క పెట్టె, ఈ రెండూ అసలువైతే చాలు. కెపాసిటర్లు, వాల్వులు, స్పీకరు, తీగ అన్నీ అరిగిపోయే సరుకు, కారు టైర్లలాగా. ఒక్క రేకు కూడా మారని సెట్‌కి మూడింతలు పెట్టి కొని, వాయించడానికి భయపడుతూ కూర్చున్నవాళ్లని చూశాను. మెకానిక్ చేయి సరిగ్గా పడిన, మూలలు అరిగిన సెట్ కోసం వెతకండి.

ఇక ధ్వని. రెండు ఛానళ్లు, ఒక్కోదానికి వాల్యూమ్, టోన్, ఆ తర్వాత ట్రెమొలో (శబ్దం లయగా పెరుగుతూ తగ్గుతూ ఉండడం) వేగం, లోతు. రెండు 6వి6 పవర్ వాల్వులు, 15 నుంచి 20 వాట్లు. వాల్యూమ్ మూడు దాకా శుభ్రంగా, గుండ్రంగా ఉంటుంది. అయిదు దగ్గర స్వరం అంచు గరుకెక్కుతుంది. ఆరు దాటాక చిక్కబడి, గట్టిగా మీటినప్పుడు మొదట కాస్త లోపలికి అణిగి తర్వాత విచ్చుకుంటుంది. ఏసీని డీసీగా మార్చే జీజెడ్34 రెక్టిఫయర్ వాల్వు మీద భారం పడి వోల్టేజీ కొంచెం జారడం దానికి ఒక కారణం. నాకు దీనివల్ల దొరికినది గమకం. తీగ మీద వేలు జార్చి నిషాదం నుంచి షడ్జమానికి వెళ్తే, నా పాత ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌లో సగం దారిలోనే స్వరం సన్నగిల్లేది. ఇందులో చివరి దాకా నిలబడుతుంది. నలుపు డీలక్స్‌లో మధ్యస్థాయి కొంచెం గుల్లగా ఉంటుంది, ఇందులో నిండుగా ఉంటుంది. గిటార్ మీది వాల్యూమ్ తగ్గిస్తే గరుకు దానంతటదే పోతుంది. ధ్వని మార్చే కాలి పెడల్స్ అవసరం నాకు దాదాపు లేకుండా పోయింది.

ట్రెమొలో గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇది పవర్ వాల్వుల బయాస్‌నే పైకీ కిందకీ ఊపుతుంది కాబట్టి శబ్దం కోసినట్టు కాకుండా ఊపిరి తీసినట్టు ఉంటుంది. ఫెండర్ వాళ్లు పేర్లు తారుమారు చేశారు: శ్రుతి మార్చే గిటార్ పుల్లకి ట్రెమొలో అని, శబ్దం పెంచి తగ్గించే యాంప్లిఫయర్ సర్క్యూట్‌కి చాలా మోడళ్లలో వైబ్రాటో అని పెట్టారు. కొనేటప్పుడు ఈ గందరగోళంలో పడకండి.

లోపాలు లేకపోలేదు. రివర్బ్ లేదు. ఆరు మీద పెడితే అపార్ట్‌మెంట్‌లో వాయించలేరు, పక్కింటివాళ్లు పోలీసుల్ని పిలుస్తారు. రెండు ఛానళ్లలో పదునుగా పలికే బ్రైట్ ఛానల్‌లో, స్వరమే పదునుగా ఉండే సింగిల్ కాయిల్ గిటార్ చెవికి గుచ్చుకుంటుంది. ఆక్స్‌ఫర్డ్ స్పీకరుకి కోన్ కొత్తది వేయించాను కానీ గట్టిగా వాయిస్తే తట్టుకోలేకపోయింది. దాన్ని గుడ్డలో చుట్టి దాచి, కొత్త స్పీకరు పెట్టుకున్నాను. 2017లో నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు శబ్దం మొదలైంది. వాల్వులు మార్చినా పోలేదు. చివరికి కారణం పాత కార్బన్ రెసిస్టర్లని తేలింది, మొదటి వాల్వు ప్లేటుకుండే రెండూ మార్చగానే పోయింది. 2021లో పవర్ వాల్వులు అలసిపోతే స్లొవేకియాలో చేసిన జేజే 6వి6లు వేశాను. ఇది 117 వోల్టుల కాలం నాటిది, ఇప్పుడు గోడలో 120కి పైనే వస్తుంది, ఆ ఎక్కువని అవి బాగా తట్టుకుంటున్నాయి.

హైదరాబాద్ మిత్రులు ఒకరిద్దరు ఇలాంటిది తెప్పించుకుంటామని అడిగారు. దీని ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులకే, అందుకని మంచి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పైగా 60 హెర్ట్జ్‌కి చేసింది మన 50 హెర్ట్జ్ మీద ఇంకొంచెం ఎక్కువ వేడెక్కుతుంది, గంటల తరబడి ఆన్‌లో ఉంచకండి. వాల్వుల విషయంలో మాత్రం మనవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఒకప్పుడు రేడియోల కోసం చేసిన ఈసీసీ83 వాల్వూ, ఇందులోని 12ఏఎక్స్7 వాల్వూ ఒకటే, పేరే వేరు. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక షాపు అటక మీద నుంచి అలాంటివి రెండు తెచ్చుకున్నాను. ఒకటి తాకితే చాలు మైకులా మోగుతోంది, పక్కన పెట్టేశాను. రెండోది ఆరేళ్లుగా మొదటి సాకెట్‌లో ఉంది. కొత్తవాటిలో నాకు దొరకని మెత్తదనం దానిలో ఉంది.

2019లో ఆ మిల్లు ఊరినుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. ఆవిడ ఇల్లు ఖాళీ చేస్తుంటే కాఫీ డబ్బాలో ఒక గుండ్రటి కాలి స్విచ్ కనిపించిందట, దాని తీగ కొసకి పిన్ను ఉందని, అది నా పెట్టెదేనా అని అడిగింది. ట్రెమొలో స్విచ్ అది. కారేసుకుని వెళ్లి తెచ్చుకున్నాను. దాని మీద రబ్బరు ఒకవైపే అరిగి ఉంది, ఆయన ఎడమ కాలితో నొక్కేవారేమో. నేనూ ఎడమ కాలితోనే నొక్కుతున్నాను.