క్లైడ్ తీరపు రెండు స్టీమర్లు: క్వీన్ మేరీ, వేవర్లీ

స్కాట్లాండులో గ్లాస్గో నుంచి క్లైడ్ నదీముఖ తీరపు రేవులకు జనాన్ని తిప్పిన స్టీమర్లలో ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే, 1933లో డంబార్టన్‌లో డెన్నీ సంస్థ నిర్మించిన క్వీన్ మేరీ ఆవిరి టర్బైన్లతో (ఆవిరి తాకిడికి రెక్కలు తిరిగే ఇంజన్లతో) ప్రొపెల్లర్లను తిప్పుకుంటూ సాగేది. 1947లో సేవలోకి వచ్చిన వేవర్లీ మాత్రం, అప్పటికే పాతబడిన పద్ధతిలో, ఇరుపక్కలా ఉన్న తెడ్ల చక్రాలతోనే నడిచింది. సాంకేతికంగా క్వీన్ మేరీదే ముందడుగు. అయినా నా మనసు వేవర్లీ వైపే మొగ్గుతుంది. టర్బైను పనంతా ఉక్కు తొడుగు లోపలే జరిగిపోతుంది. వేవర్లీలో అయితే నడవలో నిలబడిన ప్రయాణికుడి కళ్లెదుటే, నూనెతో మెరిసే భారీ క్రాంకులు (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఉక్కు చేతులు) గిర్రున తిరుగుతూ చక్రాలను నడిపిస్తాయి. క్వీన్ మేరీ 1977లో సేవ నుంచి తప్పుకుంది. 1974లో ఒక్క బ్రిటిష్ పౌండుకు పాత స్టీమర్ల పరిరక్షణ సంఘం చేతికి వచ్చిన వేవర్లీ, సముద్రంలో ప్రయాణికులతో నడిచే ఆఖరి తెడ్ల చక్రాల స్టీమరుగా ఇప్పటికీ తిరుగుతోంది.