గణితం, తత్వశాస్త్రం: కలిపి చదవాలా, ఒకదాని తర్వాత ఒకటా?

హనుమకొండలో ఎంపీసీ పూర్తిచేసి, లెక్కలతో పాటు తత్వశాస్త్రం మీదా మనసున్న పిల్లలకు రెండు దారులున్నాయి.

మొదటిది, రెండూ ఒకే డిగ్రీలో చదవడం. ఆక్స్‌ఫర్డ్‌లో అలాంటి కోర్సు ఉంది: మూడేళ్లకు బీఏ, నాలుగేళ్లయితే మాస్టర్స్. దీని అసలు బలం తర్కశాస్త్రం. 1902లో బ్రిటిష్ తత్వవేత్త రస్సెల్, జర్మన్ తర్కశాస్త్రవేత్త ఫ్రేగేకు రాసిన ఉత్తరాన్నే తీసుకోండి. తమలో తాము సభ్యులు కాని సమితులన్నిటినీ కలిపి ఒక సమితి చేస్తే, అది తనలో తాను ఉంటుందా? ఉంటుందంటే ఉండదు, ఉండదంటే ఉంటుంది. పదో తరగతిలో హాయిగా దాటేసిన సమితుల పాఠం కింద ఇంత లోతుంది! ఇది గణిత ప్రశ్నా, తత్వ ప్రశ్నా? రెండూ కలిపి చదివేవాళ్లు ఆ గీత గీయనక్కర్లేదు. ఖర్చు మాత్రం మామూలు కుటుంబం మోయలేనిది.

రెండోది, కాకతీయ యూనివర్సిటీ పరిధిలో బీఎస్సీ గణితం చదివి, తర్వాత హైదరాబాద్‌లో ఎంఏ ఫిలాసఫీ చేయడం. ఉస్మానియాలో, సెంట్రల్ యూనివర్సిటీలో ఆ విభాగాలున్నాయి. ఖర్చు చాలా తక్కువ, గణితం గట్టిపడుతుంది. కానీ రెండింటినీ కలిపి చెప్పేవాళ్లు దొరకడం కష్టం. అయినా మన పిల్లలకు నేను ఇదే చెబుతాను, ఒక్క షరతుతో: తర్కం చదవడం ఎంఏ దాకా ఆపకుండా, డిగ్రీలోనే సొంతంగా మొదలుపెట్టాలి.